ఒళ్ళు విడిచి తిరిగినవాణ్ణి ప్రభువు ఇంటికి చేర్చాడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! తాగుడు నుంచి బయటపడినవారి సాక్ష్యాలు మీరు చాలా విన్నారు, జూదం నుంచి బయటపడినవారివి కూడా విన్నారు, కానీ నిద్ర నుంచి బయటపడినవాడి సాక్ష్యం బహుశా ఇదే మొదటిసారి వింటారు. నవ్వకండి. నన్ను రెండేళ్ళ పాటు పట్టి ఆడించిన మత్తు ఏ సారా అంగట్లోనూ దొరికేది కాదు. దానికి వాసన లేదు, నోరు తడబడదు, కాళ్ళు తూలవు, అందుకే ఇంట్లోవాళ్ళు గానీ సంఘంలోవాళ్ళు గానీ కనిపెట్టలేకపోయారు. కళ్ళు మూసుకుంటే చాలు, అది నన్ను ఎత్తుకుపోయేది! ఆ మత్తులో నేను నా బిడ్డను పోగొట్టుకోబోయాను, ఒక బస్సు నిండా ఉన్న మనుషుల ప్రాణాలు తీయబోయాను. అటువంటివాణ్ణి ఈరోజు మీ ముందు నిలబెట్టి మాట్లాడిస్తున్న దేవునికే మహిమ!

నా పేరు దేవదానం. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరుగా ఉండేవాణ్ణి. పొద్దున్నే జమ్మలమడుగులో బయల్దేరి, పెన్న దాటి, కొండ దారి ఎక్కి దిగి, ముద్దనూరు మీదుగా పదకొండు గంటలకు పులివెందుల చేరేవాళ్ళం. అక్కడ మధ్యాహ్నమంతా బస్సు నిలిచిపోయేది. మళ్ళీ మూడింటికి తిరుగు ప్రయాణం. నా భార్య సుగుణమ్మ, మా కూతురు కరుణ, నేను, ముగ్గురం బస్టాండు వెనక ఒక చిన్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఆదివారం గుడికి పోవడం, ఆమె ముందు వరుసలో కూర్చుని పెద్ద గొంతుతో పాడడం, నేను వెనక కూర్చుని కునికిపాట్లు పడడం, ఇదీ మా జీవితం. తక్కువేమీ లేదు.

ఒక సోమవారం పొద్దున ఆమె కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతూ నాకు సద్ది కట్టింది. ఏందది అని అడిగితే, "మేకు దిగిందిలేప్పా, పసుపు పెట్టినా, నువ్వు పో, బస్సుకు పొద్దయితాంది" అంది. నేను ఆ గుడ్డ విప్పి కూడా చూడలేదు, సహోదరులారా! సద్ది తీసుకుని పోయాను. పది రోజుల లోపల ఆమెకు ధనుర్వాతం వచ్చి దవడలు బిగుసుకుపోయాయి. ఆసుపత్రి వాళ్ళు చేయగలిగినదంతా చేశారు. మూడో రోజు పొద్దున కొంచెం తేటగా కనిపించేసరికి, చేత్తో పొమ్మని సైగ చేస్తే, నేను నమ్మి బస్సెక్కాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో మా అక్క శాంతమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉంది. మధ్యాహ్నం దాకా సుగుణమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉండిందట. ఆ సమయానికి నేను పులివెందుల బస్టాండులో బస్సు కడుగుతున్నాను.

కరుణకు అప్పుడు ఐదేళ్ళు. మా అక్క ఆ బిడ్డను ప్రొద్దుటూరుకు, తన ఇంటికి తీసుకుపోయింది. ప్రొద్దుటూరు ఎంత దూరం? గంట ప్రయాణం. ప్రతి ఆదివారం వచ్చి చూసిపోతానని మాట ఇచ్చాను. కొన్నాళ్ళు పోయాను కూడా. కానీ నాకు ఎక్కడా నిలకడ లేకుండా పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నడిస్తే ఎటు పోతున్నానో తెలిసేది కాదు. కడిగిన బస్సునే మళ్ళీ కడిగేవాణ్ణి. ప్రార్థనలో కళ్ళు మూస్తే ఆసుపత్రి గుమ్మం కనిపించేది, అందుకని కళ్ళు తెరిచే ప్రార్థన చేసేవాణ్ణి, తరవాత అదీ మానేశాను.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం పులివెందుల బస్టాండులో, బస్సు వెనక పొడుగు సీటు మీద పడుకుని కన్ను మూశాను. కలలో బస్సు నడుపుతున్నాను. పక్కకు తిరిగి చూస్తే ముందు సీట్లో సుగుణమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో సీతాఫలాల గంప. నాకు ఒక ఆలోచన వచ్చింది: ఈమె చనిపోయింది కదా, మరి ఇక్కడెట్లా ఉంది, అయితే ఇది కల! మామూలుగా అయితే అంతటితో మెలకువ రావాలి. రాలేదు! కల చెదరలేదు సరికదా, దుమ్ము పట్టిన అద్దం తుడిచినట్టు మరింత తేటపడింది. ఆమె చీర నేత కనబడింది, సీతాఫలాల మీది పచ్చటి పొడి కనబడింది. ఇది కల అని తెలుసు, నేను పులివెందులలో పడుకుని ఉన్నానని తెలుసు, అయినా ఆమె నా పక్కన ఉంది. "సుగుణా" అన్నాను. ఆమె నవ్వింది. అంతలో మా కండక్టరు ఖాదర్ వచ్చి నా కాలు కదిపాడు. "మామా, లెయ్, టైమైంది" అన్నాడు. ఆ పిల్లవాణ్ణి కొట్టబోయాను, సహోదరులారా, అంత కోపం వచ్చింది నాకు!

బస్టాండు పక్క టీ అంగడిలో రోజూ పేపరు చదువుతూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. నారాయణ సారు అనేవాళ్ళు, బడిపంతులుగా చేసి దిగినాయన. శానా మంచి మనిషి, ఆయన మీద నేనొక్క మాట చెడుగా చెప్పను. ఈ కల సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇది అందరికీ వచ్చేది కాదు దేవదానం" అన్నాడు. "కలను కల అని తెలుసుకోవడం ఒకటి, ఒళ్ళొదిలి బయటికి పోవడం ఇంకొకటి. మొదటిది వాకిలి అనుకో, రెండోది ఊరు. నువ్వు వాకిట్లో నిలబడి ఉండావు. ఈ దేహం లోపల సన్నటి దేహం ఇంకొకటి ఉండాది. అది యాడికన్నా పోతుంది, ఎవరినన్నా చూస్తుంది."

"చచ్చిపోయినోళ్ళను కూడానా సారూ?" అని అడిగాను.

ఆయన పేపరు మళ్ళీ చేతికి తీసుకుని, "పోయి చూడప్పా" అన్నాడు.

ఆ మాటతో నేను చెడిపోయాను. ఆయన చెప్పిన పద్ధతులన్నీ పట్టాను. మేలుకుని ఉన్నప్పుడు గంటకోసారి చేతివేళ్ళు లెక్కపెట్టుకోమన్నాడు, అట్లా అలవాటైతే కలలోనూ లెక్కపెట్టుకుంటావు, కలలో వేళ్ళు కుదురుగా ఉండవు, ఆరు కనిపిస్తాయి, కరిగినట్టు కనిపిస్తాయి, అప్పుడు కల అని తెలిసిపోతుంది అన్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ బస్సు నడిపేవాణ్ణి. నెల తిరక్కముందే వారానికి నాలుగైదు సార్లు కలలో మేలుకోవడం వచ్చేసింది. తరవాత రెండో మెట్టు. పడుకుంటే ఒళ్ళంతా ఇంజను ఆన్ చేసినట్టు గుయ్యిమనేది, కాలూ చెయ్యీ కదిలేవి కావు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. భయపడకుండా ఓర్చుకుంటే తటాలున తేలిపోయేవాణ్ణి! కిందికి చూస్తే సీటు మీద మొహానికి తువ్వాలు కప్పుకుని పడుకున్న నేనే నాకు కనిపించేవాణ్ణి. బస్సు పైకప్పు దాటి, టీ అంగడి పొగ దాటి, పులివెందుల మిద్దెలన్నీ కింద వదిలేసి పోయేవాణ్ణి. కొండ అవతల ఎక్కడో ఒక సీతాఫలాల తోటలో సుగుణమ్మ ఉండేది. ఆమె కాలు బాగుండేది, కుంటకుండా నడిచేది. అది పరలోకమేననుకున్నాను. పాస్టరయ్యగారు చచ్చాక చూస్తామని చెప్పేదాన్ని నేను రోజూ మధ్యాహ్నం చూసి వస్తున్నాననుకున్నాను. అంత గర్వం!

ఇక గుడి ఎందుకు? ప్రార్థన ఎందుకు? అన్నం తినకుండా నిద్రపోయేవాణ్ణి, ఎందుకంటే కడుపు నిండితే మొద్దు నిద్ర పడుతుందని. మనుషులతో మాట్లాడుతుంటే ఎప్పుడెప్పుడు పోయి పడుకుందామా అని ఒళ్ళు కొట్టుకునేది. సుఖం కాదు సహోదరులారా, మీరు అట్లా అనుకోకండి! లేచిన ప్రతిసారీ ఆమె కొత్తగా చనిపోయినట్టుండేది. రోజుకొకసారి పూడ్చిపెట్టి వచ్చేవాణ్ణి. ఆ బాధ తీరడానికి మళ్ళీ పడుకునేవాణ్ణి.

ఇప్పుడు నా పాపాల్లో పెద్ద పాపం చెబుతాను. ఒళ్ళు వదిలి పోగలిగినవాడికి ప్రొద్దుటూరు ఎంత? కరుణను కూడా అట్లాగే చూసి రావడం మొదలుపెట్టాను. పడుకోవడం, తేలడం, పెన్న గట్టు వెంబడి పోవడం, మా అక్క ఇంటి వాకిట్లో దిగడం. బిడ్డ రెండు జడలు వేసుకుని, చింతగింజలతో ఆడుకుంటూ ఉండేది. బాగుంది కదా, ఆడుకుంటోంది కదా, అని తృప్తిగా తిరిగొచ్చేవాణ్ణి. రోజూ చూస్తున్నాను కదా, ఇక ఆదివారం బస్సెక్కి పోవడమెందుకు! ఒక వారం మానేశాను, రెండు వారాలు మానేశాను, చూస్తుండగానే రెండు నెలలైంది. మా అక్క మనిషి చేత కబురు పంపింది, ఉత్తరం రాయించింది. ఉత్తరం విప్పనైనా లేదు. నేను చూసి వచ్చినదాన్ని మళ్ళీ కాగితంలో చదవడమెందుకనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో బస్సు నిలిపి దిగేసరికి మా అక్క ఎదురుగా నిలబడి ఉంది. చెప్పుల్లేవు, తల నూనె లేక ఎర్రబారి ఉంది.

"బతికే ఉండావా? నేను చచ్చినావేమో అనుకుంటి. బిడ్డ ఇరవై దినాలుగా మంచంలో ఉంటే నీకు రావల్లని తోచలేదా? విషజ్వరం రా దానికి!" అంది.

నేనేమన్నానో తెలుసా? "లేదక్కా, అది బాగుండాది. నేను రోజూ చూస్తాండా కదా" అన్నాను.

మా అక్క నా మొహంలోకి చూసింది. అంతవరకూ తిట్టిన మనిషి ఒక్కసారిగా గొంతు తగ్గించి, "యాడ చూస్తాండావు నాయనా?" అంది. ఆమెకు నేను పిచ్చివాణ్ణయ్యానని అర్థమైంది. నాకింకా అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే ఆమె వెంట ప్రొద్దుటూరు పోయాను. లోపల మంచం మీద ఒక పిల్ల పడుకుని ఉంది. బోడిగుండు. చెంపలు పీక్కుపోయి, చెవులు పెద్దవిగా కనబడుతుంటే, ఎవరి బిడ్డో అనుకున్నాను! కళ్ళు తెరిచి "నాయనా" అని పిలిస్తే గానీ నా కూతురని గుర్తుపట్టలేదు. జుట్టు ఎప్పుడు తీయించారని అడిగాను. జ్వరం తగిలిన వారానికే తీయించామని మా బావ చెప్పాడు. నిన్న మధ్యాహ్నం నేను చూసిన బిడ్డకు రెండు జడలున్నాయి! మొన్నా ఉన్నాయి! మా అక్క చెప్పింది: "జ్వరంలో రోజూ ఒకటే ప్రార్థన చేసింది, యేసయ్యా, మా నాయనకు బస్సు దొరకలేదేమో, నువ్వే ఎక్కించి పంపియ్యి, అని." సహోదరులారా, ఆ మాట వినే చెవులు నాకు ఎందుకిచ్చావు ప్రభువా అని ఏడ్చాను. జ్వరం దిగుముఖం పట్టింది, బిడ్డ బతికింది, అది నా వల్ల కాదు, మా అక్క మోకాళ్ళ మీద చేసిన ప్రార్థన వల్ల, డాక్టరు మందు వల్ల, ప్రభువు కనికరం వల్ల.

మరుసటి వారం పులివెందులలో నారాయణ సారు దగ్గరికి పోయాను. "సారూ, నా బిడ్డకు జుట్టు లేదు. నేను రోజూ రెండు జడలు చూసినా" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను పన్నెండేండ్లుగా రంగూన్లో మా తమ్ముని ఇంటికి పోతాండానప్పా" అన్నాడు. "యుద్ధంలో వాడేమయినాడో జాబు లేదు. పోయిన ప్రతిసారీ వాడు పాతికేండ్లోడే. ఒక్క వెంట్రుకా నెరవలేదు."

"మరి యాల పోతాండారు సారూ?"

"పోకుంటే వాడు యాడుంటాడప్పా?" అన్నాడు ఆయన.

ఆయనను నేను తప్పు పట్టలేదు. ఆ ముసలాయన కోసం నేటికీ ప్రార్థన చేస్తాను. కానీ ఆరోజు నాకు తేటగా తెలిసిపోయింది. వాకిలి వేరు, ఊరు వేరు అనుకున్నాం మేమిద్దరం. నేను ఆ వాకిలి దాటనే లేదు! తేలినా, ఎగిరినా, నా శరీరాన్ని నేనే పైనుంచి చూసినా, అంతా నా కల లోపలే, నా జ్ఞాపకం లోపలే తిరిగాను. నాకు తెలిసిన కరుణకే రెండు జడలు, ప్రొద్దుటూరులో మంచం మీద ఉన్న కరుణకు కావు.

తెలిసింది కదా, మానేశాడనుకుంటారు మీరు. తాగుబోతుకు సారా చెడ్డదని తెలియదా? మానలేకపోయాను! ప్రతి ఆదివారం ప్రొద్దుటూరు పోయేవాణ్ణి, బిడ్డ పక్కన కూర్చునేవాణ్ణి, కూర్చునే వేళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి. నిద్ర పోకూడదని పట్టుబట్టాను. అప్పుడు నిద్ర నా వెంట పడింది. మేలుకునే ఉన్నా అంతా కలలాగా ఉండేది, పిలిస్తే గొంతులు దూరం నుంచి వచ్చేవి. ఇది నిజమా కలా అని రోజుకు నూరుసార్లు నన్ను నేను అడుక్కునేవాణ్ణి. ఒక్కోసారి జవాబు దొరికేది కాదు.

అట్లాంటి స్థితిలో ఒకరోజు తిరుగు ప్రయాణంలో, సాయంత్రం నాలుగు దాటాక, బస్సు నిండా జనంతో ముద్దనూరు దాటి కొండ దారి ఎక్కాను. ఒక మలుపు దగ్గర రాయి పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నెత్తిన గంప, నీలం చీర. సుగుణమ్మ! వెంటనే ఆ పాత ఆలోచనే వచ్చింది: ఆమె చనిపోయింది, కాబట్టి ఇది కల. స్టీరింగు మీద చేతుల వైపు చూశాను. ఎదుటి ఎండ కళ్ళల్లో పడుతోంది, చెమట కారుతోంది, వేళ్ళు కరిగినట్టు, ఎక్కువైనట్టు కనబడ్డాయి. అంతే! నాకెంత హాయి కలిగిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కలలో నేను స్టీరింగు వదిలేస్తే బస్సు గాలిలో తేలేది. ఇప్పుడూ వదిలేశాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ పక్క లోయ.

"మామా! చేతులు! మామా, చేతులు!" అని ఖాదర్ అరుపు. అతను టిక్కెట్ల సంచితో సహా నా మీద పడి స్టీరింగు పట్టుకుని కుడి పక్క కొండ వైపు గుంజాడు. అతని మోచేయి నా మూతికి తగిలి పెదవి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. కలలో నాకెప్పుడూ దేనికీ రుచి తెలియలేదు. ప్రభువా! బ్రేకు మీద కాలు వేసి నిలబడ్డాను. బస్సు కొండరాతిని రాసుకుంటూ పోయి ఆగింది. అద్దాలు పగిలాయి, లోపల ఏడ్పులు. ఆ గంప మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, "ఏమప్పా, చెయ్యెత్తితే నిలపకుండా కొండకు ఎక్కిస్తాండావే!" అని నన్ను తిట్టింది. పక్క పల్లె నుంచి బస్సు కోసం వచ్చి నిలబడిన మనిషి, ఎవరో ఏమో. ఆ తిట్టు నాకు దేవదూత మాటలాగా వినబడింది.

సంగతి ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఖాదర్ నా మొహం చూశాడు, జనం వైపు తిరిగి, "స్టీరింగు పట్టేసినాది! మామ కొండ పక్కకు తిప్పకుంటే అందరం లోయలో ఉందుము!" అన్నాడు. నన్ను కాపాడడానికి ఆ అబద్ధం ఆడాడు, సొంత అన్నలాగా చూసేవాడు నన్ను. జనమంతా నా చుట్టూ చేరారు. ఒకామె నా కాళ్ళకు మొక్కింది! ఒకాయన తన తువ్వాలుతో నా పెదవి రక్తం తుడిచాడు. నేను నోరు విప్పలేదు. రాళ్ళ వెనకకు పోయి మోకాళ్ళ మీద పడ్డాను, రెండేళ్ళ తరవాత అదే మొదటి ప్రార్థన. "ప్రభువా, నేనిప్పుడు మేలుకుని ఉండానో లేదో కూడా నాకు తెలీడం లేదు. నాకు ఇంక యాడికీ పోవల్లని లేదు. నన్ను నేలకు దించు. నేనుండే చోటనే నన్ను ఉంచు" అన్నాను.

ఆ ఆదివారం ప్రొద్దుటూరు పోకుండా, చాన్నాళ్ళకు జమ్మలమడుగు గుడికి పోయాను. పాస్టరయ్యగారు, మన దేవదానం చేత ప్రభువు ఒక బస్సును కాపాడాడు, కృతజ్ఞత చెల్లిద్దాం రండి, అన్నారు. అందరూ లేచారు. కూర్చుని ఉంటే సరిపోయేది, పేరు నిలిచేది, బతుకుతెరువు నిలిచేది. పారిపోదామని తలుపు వైపు కూడా చూశాను. అయినా లేచి ముందుకు నడిచాను, మేకు దగ్గర మొదలుపెట్టి స్టీరింగు వదిలిన దాకా ఏదీ దాచకుండా చెప్పేశాను.

అప్పుడు మార్తమ్మ లేచింది. మా సంఘంలో ముసలమ్మ, ఆరోజు ఆ బస్సులోనే ఉండింది, అద్దం తగిలి మణికట్టుకు కట్టు కట్టుకుని ఉంది. నా దగ్గరికి వచ్చి, బాగున్న చేత్తో వీపు మీద రెండు దెబ్బలు వేసింది. తరవాత ఆ చేతినే నా తల మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈడు నన్ను చంపబోయినాడంట. నువ్వు చంపనియ్యలేదు. నిన్నేమని పొగిడేది! ఈనికి పెండ్లాము పోయింది, నువ్వు ఎరుగుదువు. నాకూ మొగుడు పోయినాడు, అదీ నువ్వు ఎరుగుదువు. ఈనికి దర్శనాలొద్దు తండ్రీ. నిద్ర ఇయ్యి. ఒట్టి నిద్ర. కూలికి పోయొచ్చినోనికి పట్టే నిద్ర ఇయ్యి." ఆ చేతి కింద నేను పసిబిడ్డలాగా ఏడ్చాను. నా మీద ఉన్న బరువు దిగిపోయింది, సహోదరులారా! ఆ గడియను నేను మరవలేను!

సోమవారం పోయి యజమానికి నిజం చెప్పాను. ఖాదర్ నెత్తి కొట్టుకున్నాడు. "యాల చెప్తివి మామా, నేను చూసుకుంటాంటి కదా" అన్నాడు. అతను అబద్ధమాడింది నా కోసమేనని, శిక్ష నాకే వేయమని యజమాని కాళ్ళు పట్టుకున్నాను. ఆయన చాలాసేపు కేకలు వేసి, చివరికి ఖాదర్‌ను ఏమీ అనకుండా వదిలేశాడు. నన్ను మాత్రం ఇక స్టీరింగు ముట్టవద్దన్నాడు. ప్రొద్దుటూరులో బండ్లు బాగుచేసే షెడ్డుకు పంపాడు. శిక్ష అనుకున్నాను, అది ప్రభువు చేసిన ఏర్పాటు! నా బిడ్డ ఉన్న ఊరికే నన్ను తోలాడు.

కానీ ఒక్క రోజులో అంతా తేలికైపోయిందని చెబితే అబద్ధికుణ్ణవుతాను. నెలల తరబడి నిద్రంటే భయం. పడుకుంటే కాళ్ళు వాటంతట అవే కొట్టుకునేవి. మా అక్క ప్రార్థన చేస్తూ ఉంటేనే కన్ను మూతపడేది. ఒకసారి పడిపోయాను కూడా, ఒప్పుకుంటాను. షెడ్డులో అందరూ అన్నానికి పోయిన వేళ, టైర్ల వెనక కావాలనే పడుకున్నాను. ఒళ్ళు గుయ్యిమంది, తేలాను, ఆ తోటకే పోయాను. సుగుణమ్మ ఎదురొచ్చింది, మాట్లాడింది. ఆమె నోరు విప్పకముందే ఏమంటుందో నాకు తెలిసిపోయింది. మొదటిసారి గమనించాను: ఈ రెండేళ్ళలో ఈమె నాకు తెలియని మాట ఒక్కటీ చెప్పలేదు! నేను ఆ కలలోనే నిలబడి ప్రార్థన చేశాను. "ప్రభువా, నా సుగుణ నీకాడ ఉండాది. ఈడ ఉండేది నా మనసే. దాన్ని కూడా నీకే ఇస్తాండా" అన్నాను. వెలుగులేమీ రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు. ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్న చప్పుడు వినబడి, లేచి కూర్చున్నాను. ఆ తరవాత నేనెప్పుడూ ఆ తోటకు పోలేదు. పోవాలనిపించిన రోజులు లేకపోలేదు, అప్పుడు లేచి ఎవరితోనైనా మాట్లాడతాను.

కలను కల అని తెలుసుకోవడం పాపమని నేను చెప్పను, అది ఎవరికైనా రావచ్చు. ఒళ్ళు వదిలి పోవడం అసలు ఉందో లేదో తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు, దేవుడెరుగును. నేను పోయాననుకున్న ప్రతి చోటూ నా తల లోపలే ఉంది, అంతవరకే నా సాక్ష్యం. ఆ తల లోపల తిరుగుతూ, బయట నా కోసం ఏడుస్తున్న బిడ్డను వదిలేశాను. నన్ను అక్కణ్ణించి గుంజి బయట పడేసింది నా యేసయ్య. ఆయనే ఒక కండక్టరు మోచేత్తో గుంజాడు, ఒక ముసలమ్మ దెబ్బలతో గుంజాడు, ఆయనకు చేతులు కొదవా? ఈరోజు మనకు హైదరాబాదు రాజధాని అయింది, నా కరుణ పెద్ద తరగతులకు వచ్చింది, లెక్కల్లో నన్ను ఓడిస్తుంది, మాట వినదు, నాతో పోట్లాడుతుంది. దేవునికి స్తోత్రం!

సహోదరీ సహోదరులారా, మీలో మనిషిని పోగొట్టుకుని నిలకడ లేకుండా తిరుగుతున్నవారున్నారు, నాకు తెలుసు, కూర్చున్న తీరు చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా వదిలేసిన గాయం ఒకటి మీకూ ఉండవచ్చు. దాన్ని మోసుకుని ఎటో ఎగిరిపోవాలని చూడకండి. మనవాళ్ళు ప్రభువు దగ్గర భద్రంగా ఉన్నారు, వాళ్ళను కాపాడే పని మనది కాదు. మనకు అప్పగించినవాళ్ళు ఇక్కడున్నారు. ఇప్పుడు అందరం లేచి ప్రార్థిద్దాం. నిద్ర పట్టనివారు, నిద్ర నుంచి లేవాలని లేనివారు, సిగ్గుపడకుండా ముందుకు రండి. మార్తమ్మ ఈ కూటానికి వచ్చి ఉంది. ఆమె చెయ్యి కొంచెం గట్టిది, ఓర్చుకోండి. ఆమేన్.